తరచూ పోస్టులు పెట్టే బ్రాండుకు సరిపోయే సోషల్ నెట్‌వర్కును ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి

బ్రాండు పేరుతో రోజూ ఏదో ఒకటి పోస్టు చేయాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న, ఏ నెట్‌వర్కులో ఎక్కువమంది ఉన్నారని. నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది ఇది: ఉదయం ఒక పోస్టు పెట్టి సాయంత్రం మరొకటి పెడితే, ఆ రెండో పోస్టు అక్కడ ఏమవుతుంది? కొన్ని నెట్‌వర్కుల్లో అది చాలామంది కంటబడనే పడదు. కొన్నిట్లో పాఠకుడు తన మిత్రుల కబుర్లు చదువుకుంటుంటే మధ్యలో వచ్చి పడుతుంది. మరికొన్నిట్లో ఆరు నెలల తర్వాత, అవసరం పడి వెతుక్కున్నవాడికి దొరుకుతుంది. ఈ తేడా తెలుసుకోకుండా ఖాతా తెరిచిన బ్రాండ్లు ఎంత శ్రమపడినా ఫలితం చూడలేవు. పైగా తమను ఇష్టపడి అనుసరిస్తున్నవారినే విసిగిస్తాయి. కాబట్టి ఈ మార్గదర్శిని ఆ ప్రశ్న చుట్టూనే నడిపిస్తాను.

1. చెప్పడానికి విషయం ఉందో లేదో ముందు చూసుకోండి

ఖాతా తెరవకముందే ఒక కాగితం తీసుకుని, వచ్చే నెల రోజుల్లో మీ బ్రాండు చెప్పగలిగిన విషయాలన్నీ రాయండి. "మా వస్తువు నాణ్యమైనది" అన్న మాటను ఎన్ని రకాలుగా తిప్పి రాసినా అది ఒక్క విషయమే, ఒక్కటిగానే లెక్క వేయండి. ప్రత్యేక దినాల శుభాకాంక్షలను అసలు లెక్కలోకే తీసుకోకండి. ఆ రోజున ప్రతి బ్రాండూ అదే పని చేస్తుంది, ఎవరిది ఏదో ఎవరికీ గుర్తుండదు. జాబితా పది దగ్గర ఆగిపోయిందా? కంగారు పడకండి. వారానికి ఎన్ని పోస్టులు పెట్టగలరో ఆ అంకే మీకు చెబుతోంది.

జాబితా పెరగాలంటే కొత్త ఆలోచనల కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కొనేముందు జనం అడిగే ప్రశ్నలు, కొన్నాక వచ్చే ఫిర్యాదులు, తిరిగి వచ్చిన సరుకు, వస్తువు తయారుచేసే చేతులు చెప్పే మాటలు చాలు. ఉదాహరణకు మీది వీపుకు తగిలించుకునే బ్యాగులు తయారుచేసే సంస్థ అనుకుందాం. జిప్పు సరిగా పడటం లేదని ఎవరైనా బ్యాగు తిప్పి పంపితే, పళ్లు అరిగిపోయాయని వారు అనుకుంటారు. కానీ చాలాసార్లు అరిగేది రన్నరు, అంటే పళ్ల మీద జారుతూ జిప్పును మూసే ముక్క. వాడగా వాడగా దాని నోరు కొద్దిగా తెరుచుకుంటుంది, రెండు వరుసల పళ్లను ఒకదానిలో ఒకటి బిగేలా నొక్కలేకపోతుంది. రన్నరు ఒక్కటి మారిస్తే అదే జిప్పు మళ్లీ పనిచేస్తుంది.

ఈ ఒక్క విషయంలో ఎన్ని పోస్టులున్నాయో చూడండి. రన్నరు వదులైందని ఎలా గుర్తుపట్టాలి, దాని వెనకవైపు ఉండే అంకెను బట్టి సరిపోయే రన్నరును ఎలా ఎంచుకోవాలి, బ్యాగును నిండుగా కుక్కి జిప్పు లాగితే రన్నరు మీద ఏ వైపు నుంచి ఒత్తిడి పడుతుంది, ఇంట్లోనే మార్చుకోవడం ఎలా, మీ బ్యాగులకు ఫలానా రకం జిప్పునే ఎందుకు ఎంచుకున్నారు. ఐదు పోస్టులు. ఒక్కదానిలోనూ "కొనండి" అన్న మాట లేదు, అన్నిట్లోనూ మీ బ్యాగు కనిపిస్తూనే ఉంది. తరచూ పోస్టు చేయడానికి బ్రాండుకు ఉండాల్సిన అర్హత ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

2. ఆ నెట్‌వర్కులో పోస్టు ఎంతకాలం బతుకుతుందో తెలుసుకోండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎంపిక మొత్తం దీని మీదే ఆధారపడుతుంది.

మొదటి రకం నెట్‌వర్కులు పోస్టులను జల్లెడ పడతాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, లింక్డ్‌ఇన్, టిక్‌టాక్ ఈ కోవలోవి. మిమ్మల్ని అనుసరించేవారందరికీ మీ పోస్టు వెళ్లదు. ఎవరు దేన్ని ఆసక్తిగా చూస్తారో అంచనా కట్టి, అల్గారిథమ్ కొందరికి చూపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ మొదట్లో కాలక్రమంలోనే చూపించేది, 2016లో ఈ పద్ధతికి మారింది. ఫేస్‌బుక్ 2018 జనవరిలో మిత్రుల, కుటుంబసభ్యుల పోస్టులకు ప్రాధాన్యం ఇస్తామని, వ్యాపార పేజీల పోస్టులు తగ్గుతాయని బహిరంగంగానే ప్రకటించింది. అందువల్ల ఇక్కడ తరచూ పోస్టు చేయడం పాఠకుణ్ణి పెద్దగా బాధించదు, కానీ బలహీనమైన పోస్టులు వృథా అవుతాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో స్టోరీలకు ప్రత్యేక స్థానం ఉంది. అవి 24 గంటల్లో మాయమవుతాయి, ఫీడులోకి రావు, చూడాలనుకున్నవారే తెరుస్తారు. రోజువారీ చిన్న చిన్న కబుర్లకు ఇంతకంటే అనువైన చోటు లేదు.

రెండో రకం కాలక్రమంలో చూపించేవి. మాస్టడాన్ అనే నెట్‌వర్కులో హోమ్ టైమ్‌లైన్‌ను (అనుసరిస్తున్నవారి పోస్టులు వచ్చే పేజీని) మార్చే అల్గారిథమ్ లేదు, ప్రకటనలు లేవు. అనుసరించేవారికి మీరు పెట్టిన ప్రతిదీ పెట్టిన వరుసలోనే కనిపిస్తుంది. బ్లూస్కైలో ఫాలోయింగ్ ఫీడు కూడా ఇంతే. టెలిగ్రామ్ ఛానల్ ఇంకా సూటిగా ఉంటుంది, పెట్టిన సందేశం నేరుగా ఫోనుకే చేరుతుంది. ఇక్కడ మీ మాట పోకుండా చేరుతుంది, కాబట్టే బాధ్యత ఎక్కువ. గంటకో పోస్టు పెడితే పాఠకుడి టైమ్‌లైన్ అంతా మీరే నిండిపోతారు, అతను మిమ్మల్ని తీసేస్తాడు. ఎక్స్ (ఒకప్పటి ట్విటర్) ఈ రెండు రకాల మధ్యలో ఉంది. అందులో అంచనా కట్టి చూపించే ట్యాబు ఒకటి, అనుసరిస్తున్నవారి పోస్టులకు మరొకటి ఉంటాయి. పోస్టుల వేగం ఎక్కువ కనుక రోజుకు మూడు నాలుగైనా అక్కడ ఎబ్బెట్టుగా అనిపించదు.

మూడో రకం వెతుక్కుంటే దొరికేవి. యూట్యూబ్, పింటరెస్ట్ ఇందులో ముఖ్యమైనవి. "జిప్పు రన్నరు మార్చడం ఎలా" అని వెతికేవాడు ఈరోజు ఉంటాడు, వచ్చే ఏడాదీ ఉంటాడు. ఒకసారి బాగా చేసి పెట్టిన వీడియో అప్పుడు కూడా అతనికి కనిపిస్తుంది. వార్తలు, తాత్కాలిక ప్రకటనలు ఇక్కడ పెట్టడం దండగ. ఎలా చేయాలి, ఏది ఎంచుకోవాలి అన్న తరహా విషయాలైతే శ్రమ మొత్తం నిలబడుతుంది.

ఇప్పుడు మీ కాగితం మళ్లీ తీయండి. ప్రతి విషయం పక్కన దాని ఆయుష్షు రాయండి: ఒక రోజు, ఒక వారం, ఏళ్లు. ఎక్కువ విషయాలు ఏళ్లపాటు నిలిచేవైతే మూడో రకం మీది. రోజువారీ కబుర్లే ఎక్కువైతే స్టోరీలున్న చోటుకో, ఎక్స్ వంటి వేగమైన చోటుకో వెళ్లండి. తక్కువ చెప్పినా అందరికీ చేరాల్సిన కబుర్లైతే ఛానల్ సరిపోతుంది.

3. నియమాలు పూర్తిగా చదవండి

దీన్ని చాలామంది దాటేస్తారు. మాస్టడాన్ ఒకే సంస్థ నడిపే చోటు కాదు, వేర్వేరు నిర్వాహకులు నడిపే సర్వర్ల సముదాయం. ప్రతి సర్వరుకూ తన నియమాలుంటాయి, చాలా సర్వర్లు వ్యాపార ప్రచారాన్ని ఒప్పుకోవు. సర్వరు వివరాల పేజీలో ఆ నియమాలు రాసి ఉంటాయి. స్పష్టత లేకపోతే నిర్వాహకుడికి ముందే రాసి అడగండి: మేం ఫలానా బ్రాండు, రోజుకు ఇన్ని పోస్టులు పెట్టాలనుకుంటున్నాం, మీకు సమ్మతమేనా అని. ఆ సర్వర్లలో చాలావాటిని నడిపేది స్వచ్ఛందంగా సమయం వెచ్చించేవారు, విరాళాలతో ఖర్చులు వెళ్లదీసుకునేవారు. అడగకుండా వారి చోటును ప్రకటనల గోడగా మార్చడం అన్యాయం. సొంత డొమైన్ మీద సొంత సర్వరు పెట్టుకునే వీలూ ఉంది, కానీ పోస్టులు మరీ ఎక్కువైతే ఇతర సర్వర్లు మొత్తంగా మిమ్మల్ని అడ్డుకోగలవు.

రెడిట్‌లోనూ ఒక్కో సమూహానికి ఒక్కో నియమావళి. సొంత ప్రచారాన్ని నిషేధించినవి ఎన్నో ఉన్నాయి. తరచూ ప్రచార పోస్టులు పెట్టాలన్నదే మీ ఉద్దేశమైతే రెడిట్‌ను జాబితాలోంచి కొట్టేయండి. అక్కడ ప్రశ్నలకు జవాబులు చెప్పే మనిషిగా ఉండగలిగితేనే వెళ్లండి. ఎక్స్ కూడా ఒకే వాక్యాన్ని పదేపదే పెట్టడాన్ని స్పామ్‌గా చూస్తుంది.

సంగీతం సంగతి మర్చిపోకండి. ఇన్‌స్టాగ్రామ్‌లో వ్యక్తిగత ఖాతాకు దొరికే పాటలన్నీ వ్యాపార ఖాతాకు దొరకవు, వాణిజ్య వినియోగానికి హక్కులున్న సంగీతాన్నే వాడాలి. డబ్బిచ్చి ఎవరితోనైనా పోస్టు చేయిస్తే అది చెల్లింపు భాగస్వామ్యమని పోస్టులోనే కనబడాలి. చాలా దేశాల్లో ఇది చట్టపరమైన బాధ్యత.

4. పోస్టు చేయకుండా రెండు వారాలు గమనించండి

ఎంచుకున్న రెండు మూడు నెట్‌వర్కుల్లో మామూలు పాఠకుడిగా ఉండండి. మీ వస్తువు పేరుతో కాదు, అది తీర్చే ఇబ్బంది పేరుతో వెతకండి. "మంచి బ్యాగు" అని కాకుండా "జిప్పు పడటం లేదు", "భుజం నొప్పి", "వానలో తడిసింది" అని వెతికితే అసలు మాటలు దొరుకుతాయి. జనం తమ కష్టాన్ని ఏ పదాలతో చెబుతున్నారో అవే పదాలు రాసిపెట్టుకోండి, తర్వాత శీర్షికలు అవే అవుతాయి. ఎవరూ అడగని చోట ఎంత పెద్ద జనాభా ఉన్నా మీకు ఉపయోగం లేదు. మీలాంటి ఇతర బ్రాండ్ల పోస్టుల కింద వచ్చే వ్యాఖ్యలు కూడా చదవండి. పొగడ్తలు వదిలేసి, జవాబు రాని ప్రశ్నలు ఏరుకోండి.

5. ఒకటి ప్రధానం, ఒకటి తోడు

ఇద్దరు ముగ్గురు మాత్రమే ఉన్న బృందం ఐదు నెట్‌వర్కులు నడపలేదు. ఒకదాన్ని ప్రధానంగా పెట్టుకుని, దానికి తోడుగా వేరే రకానికి చెందినదాన్ని తీసుకోండి. యూట్యూబ్‌లో నిలిచే వీడియోలు, ఇన్‌స్టాగ్రామ్ స్టోరీల్లో రోజువారీ కబుర్లు చక్కని జోడి. సంస్థలకు అమ్మేవారైతే లింక్డ్‌ఇన్ ప్రధానంగా ఉండాలి. అక్కడ కంపెనీ పేజీ కంటే అందులో పనిచేసే మనిషి సొంత ఖాతాలో రాసిన మాటకు సాధారణంగా ఎక్కువ స్పందన వస్తుంది కాబట్టి, సంస్థలో రాయగలిగిన ఒకరిని ఒప్పించండి. మిగతా నెట్‌వర్కుల్లో బ్రాండు పేరుతో ఖాతా మాత్రం తెరిచి, మీరు ఎక్కడ దొరుకుతారో రాసి వదిలేయండి. ఇతరులు ఆ పేరు తీసుకోకుండా ఉంటారు.

6. ఖాతాను సిద్ధం చేయండి

అన్నిచోట్లా ఒకే పేరు, ఒకే చిహ్నం. పరిచయంలో మీరు ఏం తయారుచేస్తారో, ఎవరికోసమో ఒక్క వాక్యంలో రాయండి. రెండంచెల ధ్రువీకరణ పెట్టండి, పాస్‌వర్డు పంచుకోవడం బదులు ఇద్దరికైనా నిర్వాహక హక్కులు ఇవ్వండి. ఖాతా నిజంగా మీదేనని చూపించే మార్గాలు ఉచితంగానే ఉన్నాయి: బ్లూస్కైలో మీ సొంత డొమైన్‌నే ఖాతా పేరుగా పెట్టుకోవచ్చు, మాస్టడాన్‌లో మీ వెబ్‌సైట్‌లో ఒక లింకు చేర్చితే ప్రొఫైల్‌లో అది ధ్రువీకరించినట్లు కనిపిస్తుంది. పోస్టులు యంత్రమే పెడుతుంటే మాస్టడాన్‌లో ఖాతాను ఆటోమేటెడ్ అని గుర్తించే వీలుంది. దాచకుండా ఆ గుర్తు పెట్టండి.

7. ఎంత తరచుగా పెట్టాలో నిర్ణయించి, వరుస కట్టండి

అందరికీ సరిపోయే అంకె ఏదీ లేదు, ఉందని చెప్పేవారిని నమ్మకండి. నేనైతే ఇలా మొదలుపెట్టమంటాను: జల్లెడ పట్టే నెట్‌వర్కుల ఫీడులో వారానికి మూడు, స్టోరీలు వీలైనన్ని, కాలక్రమ నెట్‌వర్కుల్లో రోజుకు ఒకటి మించకుండా, టెలిగ్రామ్ ఛానల్‌లో వారానికి రెండు, పింటరెస్ట్‌లో రోజూ ఒకటి రెండు. నాలుగు వారాలు ఈ వేగం తప్పకుండా నిలబెట్టగలిగితే అప్పుడు ఒకటి పెంచండి. వారం రోజులు రోజుకు మూడు చొప్పున పెట్టి ఆ తర్వాత నెల రోజులు కనబడకుండా పోవడం కంటే వారానికి రెండే పెట్టడం మేలు.

కాలక్రమ నెట్‌వర్కుల్లో భారం తగ్గించే సౌకర్యాలు వాడుకోండి. మాస్టడాన్‌లో ఒకే అంశంపై ఐదు పోస్టులుంటే మొదటిది మాత్రమే బహిరంగంగా పెట్టి, మిగతావి దాని కిందే జవాబులుగా, క్వైట్ పబ్లిక్ (పాత పేరు అన్‌లిస్టెడ్) స్థాయిలో పెట్టవచ్చు. అవి బహిరంగ టైమ్‌లైన్లను నింపవు. టెలిగ్రామ్‌లో అత్యవసరం కాని సందేశాన్ని శబ్దం లేకుండా పంపే వీలుంది. రాత్రిపూట అది తప్పనిసరి మర్యాద.

ముందుగా సమయం నిర్ణయించి పెట్టడానికి మెటా బిజినెస్ సూట్, యూట్యూబ్ స్టూడియో ఉచితంగా పనిచేస్తాయి. చాలా నెట్‌వర్కులను ఒకేచోట నడపాలంటే బఫర్, హూట్‌సూట్ వంటివి ఉన్నాయి. వారానికి ఒక పూట కూర్చుని వారం మొత్తానికి సరిపడా సిద్ధం చేసుకోండి, కానీ రెండు మూడు ఖాళీలు వదలండి. ఆ వారంలో పుట్టే ప్రశ్నలకు చోటు కావాలి కదా. ఇంకొకటి: ఏదైనా విపత్తో విషాదమో జరిగినప్పుడు వరుసలో ఉన్న హుషారు పోస్టులు వాటంతట అవే వెళ్లిపోతాయి. వరుసను ఎలా ఆపాలో బృందంలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. ఆ క్షణంలో అనుమతుల కోసం ఎదురుచూసే పరిస్థితి రాకూడదు.

8. ప్రతి నెట్‌వర్కుకూ తగినట్లు రాయండి

"మా కొత్త బ్యాగు వచ్చేసింది! నాణ్యతలో రాజీ లేదు. నేడే సొంతం చేసుకోండి." ఇలాంటి పోస్టును ఏ బ్రాండు పేరు పెట్టి అయినా చదవవచ్చు. దాని బదులు ఇలా మొదలుపెట్టండి: "జిప్పు లాగాక మధ్యలో విడిపోతోందా? పళ్లు చూడకండి, రన్నరు చూడండి. దాని రెండు అంచుల మధ్య సందు ఒకవైపు ఎక్కువగా కనిపిస్తే అది వదులైంది." తన బ్యాగు తీసి చూసుకోని మనిషి ఉండడు. పోస్టు చదివినవాడు ఏదో ఒకటి చేయగలగాలి, అదీ వెంటనే. వస్తువు సంగతి చివరి వాక్యంలో వస్తే చాలు.

అదే వాక్యాలను అన్నిచోట్లా అతికించకండి, పరిమితులే వేరు. ఎక్స్‌లో ఉచిత ఖాతాకు 280 అక్షరాలు, బ్లూస్కైలో 300, మాస్టడాన్‌లో సాధారణంగా 500, థ్రెడ్స్‌లోనూ 500, ఇన్‌స్టాగ్రామ్ వివరణకు 2,200, లింక్డ్‌ఇన్ పోస్టుకు 3,000. పెద్ద పరిమితి ఉందని సాగదీయకండి. లింక్డ్‌ఇన్‌లో మొదటి రెండు మూడు పంక్తులే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే వస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ వివరణలో పెట్టిన లింకు నొక్కితే పనిచేయదు, లింకులు ప్రొఫైల్‌లో లేదా స్టోరీలో పెట్టాలి. యూట్యూబ్ షార్ట్స్ వివరణల్లో, వ్యాఖ్యల్లో 2023 ఆగస్టు చివరి నుంచి లింకులు నొక్కడానికి వీలుండదు. ఇవి తెలియక "కింది లింకు చూడండి" అని రాసి పాఠకుణ్ణి అయోమయంలో పడేసే బ్రాండ్లు ఇప్పటికీ కనిపిస్తూనే ఉన్నాయి.

చిత్రాల కొలతలు ఒకసారి నమూనాలుగా చేసి పెట్టుకుంటే చాలు: నిలువు ఫొటోకు 1080 × 1350, రీల్స్‌కు, షార్ట్స్‌కు 1080 × 1920, పింటరెస్ట్‌కు 1000 × 1500 పిక్సెళ్లు. ప్రతి చిత్రానికీ ఆల్ట్ టెక్స్ట్ (చిత్రంలో ఏముందో చెప్పే చిన్న వివరణ) రాయండి, ప్రతి వీడియోకూ సబ్‌టైటిళ్లు ఇవ్వండి. చూపులేనివారు స్క్రీన్ రీడరుతో మీ పోస్టును వింటారు. శబ్దం ఆపేసి వీడియో చూసేవారూ ఎందరో. మాస్టడాన్‌లోనైతే ఆల్ట్ టెక్స్ట్ లేని చిత్రాన్ని చాలామంది ముందుకు పంపరు.

9. జవాబు చెప్పడం కూడా పోస్టింగే

పోస్టు పెట్టిన తర్వాత కొంతసేపు అక్కడే ఉండే తీరిక లేకపోతే ఆ పోస్టును వాయిదా వేయండి. ఫిర్యాదు వస్తే తొలగించకండి. దూషణ, బెదిరింపు, ఇతరుల వ్యక్తిగత వివరాలు ఉన్నవి మాత్రమే తీసేయండి. మిగతా వాటికి బహిరంగంగానే ఒక్క వాక్యంలో బాధ్యత తీసుకుని, చిరునామా, ఆర్డరు వివరాల వంటివి వ్యక్తిగత సందేశంలో అడగండి. సమస్య తీరాక ఆ వ్యాఖ్య కిందే ఏం చేశారో రాయండి. ఆ నాలుగు పంక్తులూ వంద ప్రకటనల కంటే నమ్మకం పెంచుతాయి.

10. సరైన లెక్కలు చూడండి

లైకులు చూసి మురిసిపోకండి, అనుచరులను కొనకండి. జల్లెడ పట్టే నెట్‌వర్కులో కొన్న అనుచరులు స్పందించరు, దాంతో మీ పోస్టు ఆసక్తి లేనిదిగా లెక్కకు వచ్చి అసలు మనుషులకు కూడా తక్కువగా చేరే ప్రమాదం ఉంది. చూడాల్సినవి: ఎంతమంది దాచుకున్నారు, ఎంతమంది మరొకరికి పంపారు, ఎంతమంది ప్రశ్న అడిగారు. తరచూ పోస్టు చేసేవారు మరొకటి తప్పక చూడాలి, ఏ రోజున ఎంతమంది వదిలి వెళ్లారు. పోస్టులు పెంచిన వారంలో ఆ అంకె పెరిగితే వెనక్కి తగ్గండి.

లింకులకు యూటీఎం ట్యాగులు (లింకు చివర చేర్చే గుర్తింపు మాటలు) జోడిస్తే మీ వెబ్‌సైట్‌కు వచ్చినవారు ఏ నెట్‌వర్కు నుంచి, ఏ పోస్టు నుంచి వచ్చారో గూగుల్ అనలిటిక్స్ వంటి సాధనాల్లో విడివిడిగా తెలుస్తుంది. నెలాఖరున సగటు తీయకండి. అనుకోకుండా బాగా పాకిన ఒక్క పోస్టు సగటును తలకిందులు చేస్తుంది. పోస్టులన్నిటినీ స్పందన వరుసలో పేర్చి సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని చూడండి, మీ మామూలు స్థాయి అదే. మూడు నెలలపాటు ఆ మధ్య పోస్టు కదలకపోతే ముందు విషయం మార్చండి, అప్పటికీ కదలకపోతే నెట్‌వర్కు మార్చండి.

11. బయటికి వచ్చే దారి మొదటి రోజే సిద్ధం చేసుకోండి

వైన్ 2013లో మొదలై 2017 జనవరిలో ముగిసింది. గూగుల్ ప్లస్ సాధారణ వినియోగదారులకు 2019 ఏప్రిల్‌లో మూతపడింది. వాటి మీదే ఆధారపడినవారికి అనుచరులు మిగల్లేదు. కాబట్టి ప్రతి ఉపయోగకరమైన పోస్టుకూ పూర్తి రూపం మీ సొంత వెబ్‌సైట్‌లో ఉండాలి, నెట్‌వర్కులో పెట్టేది దాని చిన్న రూపం. ఇష్టపడినవారు ఈమెయిలు ఇచ్చే ఏర్పాటు పెట్టండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, లింక్డ్‌ఇన్ అన్నిట్లోనూ సెట్టింగ్స్‌లో మీ సమాచారాన్ని దింపుకునే సౌకర్యం ఉంది, మూడు నెలలకోసారి దింపి భద్రపరచండి. మాస్టడాన్‌లో ఒక సర్వరు నుంచి మరోదానికి మారితే అనుచరులు మీ వెంట వస్తారు కానీ పాత పోస్టులు రావు, కాబట్టి మారేముందే వాటి ప్రతిని దింపుకోవాలి. దింపిన ఫైలు ఎక్కడ ఉందో, ఖాతాల నిర్వాహకులు ఎవరో ఒకే కాగితం మీద రాసి, బృందంలో కనీసం ఇద్దరి దగ్గర ఉంచండి.